యథాదృష్ట యాంప్లిఫయరు

నా చేతిలో పడ్డ ఏ యంత్రానికీ మళ్ళీ మూత పడదని మా ఆవిడ వకుళ అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆవిడ తన దగ్గరే దాచుకోదు. పాలు పోసే మనిషికీ, పేపరు వేసే మనిషికీ కూడా చెబుతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ ఇతరుల ఆస్తులు చేతులు మారడం చూస్తూ కూర్చున్న నేను, రిటైరయ్యాక పాత యాంప్లిఫయర్లు విప్పుకుని కూర్చోవడంలో సుఖం కనిపెట్టాను. ఒక వాల్వు మారిస్తే పక్కది నచ్చదు. అదీ మారిస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద అనుమానం వస్తుంది. ఈలోగా మూత ఎక్కడ పెట్టానో మరిచిపోతాను.

కాని దువ్వాడ సింహాద్రి గారి యాంప్లిఫయరు సంగతి వేరు. దానికి గడువుంది.

సింహాద్రి గారు మా గరికపేట చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒకప్పుడు సినిమా చూపించిన మనిషి. డేరా వేసి ఆడించే టూరింగ్ టాకీసు ఆయనది. టిక్కెట్ల కిటికీ తెరిచే ముందు డేరా బయట ఒక క్లారినెట్ రికార్డు పెట్టించేవారు. అది మోగిందంటే పొలాల్లో వాళ్ళు గట్టెక్కేవారు. ఆడవాళ్ళు పిల్లలకి గబగబా నాలుగు ముద్దలు పెట్టి తలుపుకి గొళ్ళెం వేసేవారు. డేరా ఏనాడో చిరిగిపోయింది. ప్రొజెక్టరు పాత ఇనుములోకి వెళ్ళిపోయింది. ఒక వాల్వుల యాంప్లిఫయరూ, పేరు కూడా అరిగిపోయిన ఆ రికార్డూ మాత్రం మిగిలాయి. ఒకనాడు ఆ రెంటినీ ఆటోలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"డాట్రు సెప్పేసినాడు నరహరి బాబూ," అన్నారు కూర్చోకుండానే. "సెవుల్లో నరం ఎండిపోతందట. దసరాకి ముందో ఎనకో మొత్తం మూసుకుపోద్దన్నాడు. మిసనొకటి ఇచ్చినాడు గానీ, అది పెడితే మా ఆడదాని మాటా, బస్సు హారనూ ఒక్కలాగే రేకుడబ్బా కొట్టినట్టు ఇనబడతన్నాయి. అది నాకొద్దు. సెవులుండగా మా పాట ఒక్కపాలి ఇనాల. అంతే."

"వారంలో వినిపిస్తాను," అన్నాను.

వంటింట్లోంచి వకుళ నవ్వింది.

నవ్వితే నవ్విందిగాని, ఈసారి నేను నిజంగానే పట్టుదలగా పనిచేశాను. ఆయన స్పీకరు పెట్టెల్ని చెదలు తినేశాయి. కాబట్టి ఒకప్పుడు మా వైపు సైకిలు షాపుల్లోనూ, టీ కొట్లలోనూ చేసినట్టే కుండ స్పీకర్లు కట్టాను. కుమ్మరి దగ్గరికి వెళ్ళి, వేలితో కొట్టి చూసి, గుమ్మని పలికే రెండు బానలు ఏరుకున్నాను. ఒక్కొక్కదాని మూతి మీద ఒక్కొక్క స్పీకరు బిగించి, చుట్టూ గాలి పోకుండా లప్పం పెట్టాను. పక్కన చిన్న కన్నం చేశాను. ఆ కన్నంలోంచి ఊక పొయ్యాలి. బాన ఖాళీగా ఉంటే పాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది. ఊక ఎక్కువైతే గొంతు పట్టేసినట్టుంటుంది. చిన్న రేడియో తగిలించి గుప్పెడు పోసి వినడం, గుప్పెడు తీసి వినడం, ఇదీ పని. ఇలాంటి పని దొరికితే నాకు అన్నం అక్కర్లేదు.

చివరికి ఒకే ఒక్క కండెన్సరు మిగిలింది. అది అతికితే యాంప్లిఫయర్లో గుయ్యిమనే రొద పోయి పాట వస్తుంది.

సరిగ్గా అప్పుడు ప్రభుత్వం వారు వచ్చారు.

ఆ రోజుల్లో వారసత్వం గాలి బలంగా వీస్తోంది. కోటలకీ, గుళ్ళకీ, మెట్లబావులకీ అప్పటికే తలా ఒక శాఖ ఉంది కనుక, ఇంకా పదవులు రానివాళ్ళ కోసం శబ్దం ఒక్కటే మిగిలింది. అలా ధ్వని వారసత్వ సంరక్షణ మండలి పుట్టింది. పుట్టిన ఉత్సాహంలో జిల్లాలోని పాత గ్రామఫోన్లన్నిటికీ వార్నిషు పట్టించి, బాకాలకి ఆకుపచ్చ రంగు వేయించింది. దానిమీద పేపర్లలో గొడవైంది. ఆ తప్పు మళ్ళీ జరక్కుండా ఒక నియమం చేశారు. దాని పేరు యథాదృష్ట నియమం. ఏ వస్తువైనా అధికారి కంటికి ఏ స్థితిలో కనబడిందో, శాశ్వతంగా అదే స్థితిలో ఉండాలి. నియమం మంచిదే. జీతం తీసుకుని నియమాలు అమలు చేసినవాణ్ణి, నియమాన్ని నేను తప్పు పట్టను.

మండలి ప్రాంతీయ సంరక్షణాధికారి చిదానందరావు గారు మెడలో కెమెరాతో మా గడప తొక్కే సమయానికి, ముందుగదిలో యాంప్లిఫయరు మూత లేకుండా బల్ల మీద ఉంది. నేను దాని మీదికి వంగి ఉన్నాను. చేతిలో కాలుతున్న సోల్డరింగ్ ఐరను, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు. ఎదురుగా పేము కుర్చీలో సింహాద్రి గారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, నేనేమంటున్నానో వినడానికి ప్రయత్నిస్తున్నారు. వకుళ కాఫీ పట్టుకుని లోపలిగుమ్మంలోంచి వస్తోంది.

"ఎవరూ కదలవద్దు!" అని అరిచారు చిదానందరావు గారు.

దొంగలనుకుని మేం కదల్లేదు. ఆయన ఫోటో తీశారు.

"అపూర్వం! మరమ్మతు అనే ప్రాచీన ప్రక్రియ సజీవంగా, అవిచ్ఛిన్నంగా దర్శనమివ్వడం మండలి చరిత్రలో ఇదే ప్రథమం. ఈ క్షణం నుంచి ఈ సమగ్ర సన్నివేశం సంరక్షితమని ఇందుమూలముగా ప్రకటిస్తున్నాను."

"చాలా సంతోషమండీ. ఒక్క కండెన్సరు అతికేస్తాను," అన్నాను స్క్రూడ్రైవరు సందుల్లోంచి.

"అతికితే మరమ్మతు పూర్తవుతుంది. పూర్తయితే మరమ్మతు అనేది నశిస్తుంది. మీరు దేనిని నాశనం చేయదలచారో మీకు బోధపడుతున్నదా?"

నాకు బోధపడలేదు. సింహాద్రి గారికి వినపడలేదు.

"ఏటంటన్నారు బాబూ?" అన్నారాయన.

"ఆగమంటున్నారండీ!" అని అరిచాను.

"ఎంతసేపాగాల?"

"శాశ్వతంగా," అన్నారు చిదానందరావు గారు.

మర్నాటి నుంచి మా ఇంటికి ఒక కాపలాదారుణ్ణి వేశారు. పేరు పైడిరాజు. మెత్తని మనిషి, కాని డ్యూటీ అంటే ప్రాణం. పొద్దున్నే వచ్చి తువ్వాలు భుజాన సర్దుకుని, చేతిలో ఫోటో పట్టుకుని మమ్మల్ని దాంతో సరిచూసేవాడు.

"బాబుగారూ, నడుం ఇంకాస్త వంచాలండి. ఫొటోలో మీ బొజ్జ బల్లకి తగల్తంది."

వంచేవాణ్ణి. ఆఫీసువేళలు మొత్తం అలాగే ఉండాలి. మధ్యాహ్నం భోజనానికి మాత్రం సన్నివేశానికి విరామం ఇచ్చేవారు. ఐరను కాలుతూ కనబడింది కనుక అది కాలుతూనే ఉండాలి. స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య ఉండి ఉండి నా ముందుపన్ను ఒకటి కదిలింది. దాన్ని పీకించుకోవాలంటే మండలి అనుమతి కావాలన్నారు, ఫోటోలో పన్నుంది కాబట్టి.

వకుళ విషయంలో చిన్న చిక్కొచ్చింది. ఫోటోలో ఆవిడ మొత్తం పడలేదు. గుమ్మం పక్కనుంచి మోచెయ్యి ఒక్కటే పడింది. సదరు మోచేయి సందర్శన వేళల్లో గుమ్మమునందు అందుబాటులో ఉండవలెనని తాఖీదు వచ్చింది.

"మోచెయ్యి ఒక్కటీ గుమ్మంలో ఉంటే సరిపోతుందా? దాని వెనకాల నేనుండొద్దూ? మరి వంటెవరు చేస్తారు, ఆ చిదానందరావా?" అంది వకుళ.

తాఖీదు మీద తాఖీదు నడిచి, చివరికి మండలి వారే శిల్పిని పంపించి, సున్నపు ముద్దతో మోచెయ్యి చేయించి గుమ్మానికి మేకులు కొట్టించారు. వచ్చినవాళ్ళు దానికి సంచులు తగిలించుకునేవారు.

వచ్చేవాళ్ళకి లోటు లేదు. స్కూళ్ళవాళ్ళు పిల్లల్ని వరసగా తీసుకొచ్చేవారు. "పిల్లలూ, ఇదే మరమ్మతు. పూర్వం వస్తువు చెడిపోతే మనుషులు ఇలాంటి పని చేసేవారు," అని ఒక టీచరమ్మ నన్ను బెత్తంతో చూపించింది. పూర్తిచేసేవారా టీచర్ అని ఒక పిల్ల అడిగింది. ఆ సంగతి పుస్తకంలో లేదంది ఆవిడ.

ఇవన్నీ నేను పడగలను. పడలేనిది సింహాద్రి గారి ముఖం. రోజూ పొద్దున్నే వచ్చి ఆ పేము కుర్చీలో చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చునేవారు. పాట ఇవాళ కాకపోతే రేపు మోగుతుందని ఆయన ఆశ. నా ముక్కు కిందే ఉంది ఆ కండెన్సరు. చెయ్యి చాస్తే అందుతుంది. పైడిరాజు ఫోటో చూస్తూ ఉంటాడు.

ఒకనాడు ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు:

"బాబూ, ఆ గోడ మీద కాకి నిన్నటిదాకా అరిసేది. ఇయ్యాల నోరు తెరుస్తంది గానీ సౌండు లేదు."

కాకి గొంతు చించుకుని అరుస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ మధ్యాహ్నం విరామంలో అన్నం మానేసి మండలి కార్యాలయానికి పరిగెత్తాను.

చిదానందరావు గారు ఒక వీణ పక్కన కూర్చుని ఉన్నారు. వీణకి తీగల్లేవు. తీగల్లేకుండానే కనబడిందట.

"అయ్యా, మీ సంరక్షణ ఇలాగే సాగితే ఆ పెద్దాయన చెవులు పోతాయి," అన్నాను.

"చెవులు మా పరిధిలోనివి కావు. చెవి వెనుక గల చెయ్యి మాత్రమే మా పరిధి."

"ఒక్కసారి పాట వింటారు. వినగానే కండెన్సరు మళ్ళీ పీకేస్తాను. ప్రమాణం చేస్తాను."

"వినుట అనగా వాడుట. వాడుట అనగా అరగదీయుట. మా మండలి అధీనంలోకి వచ్చిన వాద్యం ఏదీ నేటివరకు మ్రోగలేదని సగర్వంగా చెప్పగలను."

లేవబోతూ, కడుపుమంట కొద్దీ ఒక ప్రశ్న అడిగాను. "మీరింత కాపలా కాసినా ఒకవేళ స్థితి మారిపోతే ఏం చేస్తారు?"

ఆయన జాలిగా నవ్వారు. "మండలి సంరక్షణలో ఉన్న వస్తువు మారుట అసంభవం. అది రుజువు చేయుటకే పునర్దర్శనం ఏర్పాటు చేసుకున్నాము. ఆనాడు మా కంటికి ఏది కనబడునో, మొదటినుంచీ ఉన్నది అదే."

"మరి పాత ఫోటో?"

"కొత్త దర్శనానికి విరుద్ధంగా ఉన్నచో అది తప్పుడు ఫోటో. తప్పుడు ఫోటోలను తగలబెట్టుటకు మాకు ప్రత్యేక విభాగం కలదు."

నేను ఆయనకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను. మనస్ఫూర్తిగానే పెట్టాను.

"పునర్దర్శనం ఎప్పుడండీ?"

"బుధవారం. భోజనానంతరం."

బుధవారం వకుళ పనసపొట్టు కూర వండింది. ఆవపెట్టిన ఆ కూర వాసన వీధి చివరికి కొడుతుంది. పైడిరాజు ఫోటో పట్టుకుని నిలబడ్డాడు గాని, ముక్కు మాత్రం వంటింటివైపు తిరిగింది.

"రా నాయనా, విస్తరి వేసేశాను," అంది వకుళ.

"విరామంలో కూడా నేను సన్నివేశాన్ని ఇడిసిపెట్టకూడదమ్మా."

"సన్నివేశం ఎక్కడికీ పోదు. కూర చల్లారిపోతుంది."

పైడిరాజు వెళ్ళాడు. మారు వడ్డించడంలో వకుళని మించినవాళ్ళు మా వంశంలో లేరు.

నేను నడుం నిఠారు చేసుకుని, పళ్ళలోంచి స్క్రూడ్రైవరు తీసి, ఆ కండెన్సరు అతికాను. ఇన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా ఆ అతుకులోకి పోయింది. గట్టిగా పట్టింది. మూత కోసం వెతికితే పెరట్లో దొరికింది. వకుళ దాని మీద వడియాలు పెట్టింది. వడియాలు దులిపి బిగించేశాను. నా పాత రికార్డు ప్లేయరు లోపలి గదిలో పెట్టి వైరు లాగాను, ఎందుకంటే బానలు గుమ్మన్నప్పుడల్లా ముల్లు ఎగిరిపడుతుంది. స్విచ్చి వేశాను. ఎర్ర దీపం వెలిగింది. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. ఆగాను. ఆగడం అప్పటికి నాకు బాగా అలవాటైంది.

ముందు ఊపిరి తీసినట్టు చిన్న సవ్వడి, ఆ తరువాత క్లారినెట్టు. ఎడమ బాన కాస్త బొంగురుగా ఉందనిపించి గుప్పెడు ఊక పోశాను. సరిపోయింది. నా జన్మలో మొదటిసారి ఒక పని సరిపోయింది.

సింహాద్రి గారు చెవి వెనక చెయ్యి తీసేశారు. బానల దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు.

"అదిగో, అదిగో... ఇక్కడ సాగదీస్తాడు సూడు బాబూ... ఇంకా సాగదీస్తాడు... ఆఁ, ఇప్పుడు ఇడిసిపెట్టినాడు!" ఆయన లేచి నిలబడి వీధిలోకి కేకేశారు: "టిక్కెట్లిచ్చీయండ్రా!"

వీధిలో పోతున్న ఇద్దరు నిజంగానే ఆగి జేబులు తడుముకున్నారు.

"ఎవరూ కదలవద్దు!"

చిదానందరావు గారు గుమ్మంలో ఉన్నారు. క్లారినెట్టు ఆయన చెవిలో పడుతోంది. ఆయన ముఖంలో ఒక్క క్షణం ఏదో తికమక కనబడి, వెంటనే సర్దుకుంది.

"అద్భుతం. మా సంరక్షణలో నిరంతరాయంగా మ్రోగుచున్నది!" అని ఫోటో తీశారు. "మొదటినుంచీ మ్రోగుచున్నదే కదా?"

"మొదటినుంచీనండీ," అన్నాను.

పైడిరాజు ఎంగిలిచేత్తో పరిగెత్తుకొచ్చి, ఫోటో వంకా మా వంకా మార్చి మార్చి చూశాడు. చిదానందరావు గారు ఆ ఫోటో లాక్కుని, "ఇది తప్పుడు ఫోటో," అని జేబులో పెట్టుకున్నారు. అతనికి కొత్తది ఇస్తామన్నారు.

పాట పూర్తయింది. హమ్మయ్య అనుకుని నేను స్విచ్చి కట్టెయ్యబోయాను.

"ముట్టుకోవద్దు! మ్రోగుచున్న స్థితి సంరక్షితం!"

ఇక చెప్పేదేముంది. ఆ రోజు నుంచి పాట ఆగలేదు. ముల్లు చివరికి రాగానే తీసి మొదట పెట్టడం పైడిరాజు డ్యూటీ. రాత్రికి ఇంకొక మనిషిని వేశారు. వీధి వీధంతా మొదట సంతోషించింది, తరువాత సర్దుకుంది, తరువాత మొర పెట్టుకుంది. వినబడుతున్నది శబ్దం కాదనీ, వారసత్వమనీ, కాబట్టి దానివల్ల చెవులకి ఇబ్బంది కలగడానికి వీల్లేదనీ మండలి జవాబిచ్చింది. ఎదురింటివాళ్ళు ఆ పాటకి సరిపడా చపాతీలు వత్తడం నేర్చుకున్నారు. పక్కింటాయన పూజలో గంట కొట్టడం మానేశాడు, దేవుడికి వినబడదని. వకుళ చెవుల్లో దూది పెట్టుకుని, నాతో సైగలతోనే దెబ్బలాడేది.

పాట ఆగకూడదు కనుక కరెంటు పోకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరంతా కోతలతో ఉడికిపోతున్నా మా వీధిలో దీపం ఆరేది కాదు. దాంతో మొర పెట్టుకున్నవాళ్ళు సగం మంది తమ మొర వెనక్కి తీసుకున్నారు.

సింహాద్రి గారు మాత్రం రోజూ పొద్దున్నే పెళ్ళికొడుకులా తయారై వచ్చేవారు. నుదుట కుంకుమ, ఇస్త్రీ చొక్కా. ఎన్నిసార్లు విన్నా సాగదీసే చోటికి వచ్చేసరికి చూపుడువేలు పైకి లేచేది. ఆయన్ని చూస్తే వీధి పడే బాధంతా నాకు చిన్నదిగా కనబడేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను చాలా సంతోషంగా ఉన్నాను.

కొన్నాళ్ళకి, "సౌండు తగ్గించీసినావేటి బాబూ?" అన్నారు.

తగ్గించలేదు. నేను పైడిరాజు వంక చూశాను. సౌండు బొత్తాం ఎక్కడ ఉందో అక్కడే ఉండాలని కొత్త ఫోటో. పైడిరాజు కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను బొత్తాం కొంచెం తిప్పాను. ఆయన వేలు మళ్ళీ లేచింది. మర్నాడు ఇంకొంచెం తిప్పాను. ఆ తరువాత ఇంకొంచెం. పైడిరాజుకి కిటికీ దగ్గర పని ఎక్కువైంది. చివరికి బొత్తాం తిరగడానికి చోటు లేకుండా పోయింది. బానలు గుమ్మంటుంటే అలమరలో స్టీలు గిన్నెలు గజగజలాడేవి. సున్నపు మోచెయ్యి మేకులు ఊడి కింద పడి ముక్కలైంది.

దసరాకి ఇంకా పందిళ్ళు వెయ్యలేదు. ఆ మధ్యాహ్నం గది ఉడికిపోతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. క్లారినెట్టు అతను సరిగ్గా సాగదీసే చోట ఉన్నాడు. ఇంటి పైకప్పు లేచిపోతుందేమో అన్నంత గట్టిగా సాగదీస్తున్నాడు. సింహాద్రి గారి వేలు లేవలేదు. ఆయన నా వంక తిరిగి, చిన్నబుచ్చుకున్న ముఖంతో అడిగారు:

"ఆపీసినారేటి? ఎవులాపమన్నారు?"

ఏం చెప్పినా ఆయనకి వినబడదు. నా చెయ్యి దానంతటదే లేచి బల్బు వైపు చూపించి, అరచెయ్యి బోర్లించి తిప్పింది. మా ఊళ్ళో ఆ సైగ చంటిపిల్లలకి కూడా తెలుసు. కరెంటు పోయిందని.

ఆయన తలెత్తి ఫ్యాను చూడబోయారు.

ఇన్ని నెలల్లో సన్నివేశంలో తన చేత్తో ఏదీ మార్చని పైడిరాజు ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్ళి ఫ్యాను స్విచ్చి నొక్కేశాడు. భుజం మీది తువ్వాలు తీసి యాంప్లిఫయరు ఎర్ర దీపం మీద కప్పాడు. రెక్కలు నెమ్మదించి, ఆగాయి. గుమ్మంలో వకుళ చెవుల్లో దూదితో నిలబడి మా ముగ్గుర్నీ చూస్తోంది.

మా వీధిలో కరెంటు పోదని ఊరందరికీ తెలుసు. సింహాద్రి గారికీ తెలుసు. ఆయన ఆగిన ఫ్యానునీ, తువ్వాలునీ, మా ముఖాల్నీ ఒక్కొక్కటిగా చూశారు. తరువాత కుర్చీలో వెనక్కి వాలి, కండువాతో మెడ తుడుచుకున్నారు.

"సరేలే బాబూ," అన్నారు. "వొచ్చీవరకూ కూకుంటాను."

క్లారినెట్టు పాట పూర్తయింది. పైడిరాజు లోపలికి వెళ్ళి ముల్లు మళ్ళీ మొదట పెట్టి వచ్చి, ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ చెవులు చిల్లులు పడే పాటలో, చెమటలు కారుతూ, మేమంతా కరెంటు కోసం చూస్తూ కూర్చున్నాం.